మరదలి పాట

ఆ సందులో సెల్‌ఫోన్లు బాగుచేసే ఆయనకి భార్య చెల్లెలంటే ప్రాణం. ఆమె "బావా" అని పిలవడం విని విని వీధి వీధంతా ఆయన్ని బావగారనే పిలుస్తుంది.

పగిలిన అద్దం మార్చమని ఫోనిస్తే, బావగారు అడక్కుండానే నాలుగు కొత్త పాటలు కూడా ఎక్కించి ఇచ్చేవారు. అన్నీ ఇంటర్నెట్‌లోంచి ఊరికే లాగినవే. ప్రతి పాట ముందూ సొంత గొంతుతో "బావ సెల్ పాయింట్!" అని ఓ కేక అతికించేవారు. "పాటకి కంచె ఏంటండీ?" అనేవారు దర్జాగా.

ఈమధ్య మరదలు మొదటిసారి ఓ పాట కట్టి, తనే పాడి, ఇంటర్నెట్‌లో తన పేజీలో పెట్టింది. నెలాఖరులోగా అక్కడికి తగినంతమంది వచ్చి వింటే ఇంకో పాట చేయిస్తామని ఒక కంపెనీ మాటిచ్చింది. ఇంట్లోవాళ్ళు మొహమాటానికి వింటారని ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

పాట విని బావగారు ఉబ్బితబ్బిబ్బయ్యారు. వెంటనే కాపీ తీసి, కేక అతికించి, దుకాణానికొచ్చిన ప్రతి ఫోన్లోనూ ఎక్కించేశారు. కొన్నాళ్ళకే టైలరు మిషను దగ్గర అదే పాట, బస్సులో అదే పాట. మరదల్ని ఆశ్చర్యపరుద్దామని నోరు కట్టుకుని కూర్చున్నారు పాపం.

నెలాఖరున ఆమె ముఖం వేలాడేసుకుని దుకాణానికొచ్చింది.

"జనం వింటే ఇంకో పాట చేయిస్తామన్న కంపెనీవాళ్ళు వద్దన్నారు బావా. నా పేజీకి నరమానవుడు రాలేదట. ఇక నేను పాడను."

బావగారు నోరు తెరిచేలోగా ఎదురుగా ఓ వ్యాను ఆగింది. అందులోంచి "బావ సెల్ పాయింట్!" అన్న కేక, వెనకే ఆమె గొంతు. మరదలి ముఖం వెలిగింది. మరుక్షణమే సంగతి అర్థమైంది.

"నువ్వా బావా?"

"అందరూ వినాలనే కదే..."

"నా పేరుండాల్సిన చోట నీ కేక పెట్టావు. ఒక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయేది?"

"అడగడమేంటే, మన ఇంటి పాటేగా!"

"మరి ఆ కంప్యూటర్లో ఉన్న మిగతా పాటలో? అవి ఎవరింటివి?"

బావగారికి తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఆయనకి తట్టనే లేదు. కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి. అవి చూస్తే మరదలికి కోపం నిలవలేదు.

"ఊరుకో బావా. నిజంగా అంత బాగుందా?"

"వింటుంటే ప్రాణం లేచొచ్చిందే. తప్పు చేశానమ్మా."

వ్యాను డ్రైవరు దిగొచ్చి ఫోను చాపాడు. "బావగారూ, ఈ పాట పాడినావిడవి ఇంకేమైనా ఉంటే ఎక్కించండి."

అలవాటుగా చాచిన చెయ్యి బావగారు వెనక్కి తీసుకున్నారు. "నన్నడక్కండి. పాడింది ఈవిడే, ఈవిణ్ణే అడగండి."

డ్రైవరు కంగారుగా ఆమెకి నమస్కారం పెట్టాడు. "ఇంకో పాట ఉందామ్మా?"

ఆమె బావ వంక ఓసారి చూసింది.

"ఇంకా కట్టలేదండీ," అంది. "కడతాను."