రెండు వేలిముద్రలు

స్టాంపు ప్యాడుకు సిరా పట్టించాలి, వెనక టైరుకు గాలి కొట్టించాలి, బాచుపల్లిలో రాజయ్య అనే ఆయన ఇల్లు వెతకాలి, ఆయన చెల్లెలు నీలమ్మ చేత పింఛను కాగితం మీద వేలిముద్ర వేయించాలి, ఇద్దరు సాక్షులను చూసుకోవాలి, మా ఆవిడ నాగేశ్వరికి దగ్గుమందు, బాపుకు బీడీకట్ట, సాయంత్రం ఐదు లోపల కాగితం చలపతిరావుగారి బల్ల మీద, మళ్లీ మొదటినుంచి, స్టాంపు ప్యాడు, టైరు, రాజయ్య, ఇలా వల్లె వేసుకుంటూ తొక్కితే దూరం తెలియదనుకున్నాను, తెలుస్తూనే ఉంది, మూసాపేట ఆఫీసు దగ్గర సైకిలెక్కింది మొదలు బొంబాయి రోడ్డు పొడుగునా ఎదురుగాలి, ఆఫీసు సైకిలు బరువు, సీటు ఒక పక్కకు ఒరిగింది, డిసెంబరులో లడాయి జరిగినప్పుడు లైటు పై సగానికి పూసిన నల్లరంగు ఇంకా గీకనే లేదు, లడాయి అయిపోయి నెల దాటింది, విమానాలు వస్తాయని కిటికీలకు అంటించిన నల్లకాగితాలు పిల్లలు చింపి గాలిపటాలు చేసుకున్నారు, ఈ లైటుకు మాత్రం ఎవరూ చెప్పలేదు, ఇంత దూరం పోలేననాలంటే మొహమాటం, మా హెడ్‌క్లర్కు చలపతిరావుగారు గుంటూరు వైపు మనిషి, చెడ్డవాడు కాదు, ఏం వీరేశంగారూ, బి.ఏ.లో సైకిలు తొక్కడం నేర్పలేదాండీ అని నవ్వి, మళ్లీ తనే గొంతు తగ్గించి, రేపు పొద్దున ఈ కాగితాలన్నీ మిలిటరీ వాళ్లకు వెళ్లిపోతాయండి, ఇది పోకపోతే ఆ తల్లికి ఇంకో ఆరునెలలు ఏమీ రాదండి అన్నారు, అందుకని తొక్కుతున్నాను, ఈ రోడ్డు మీదనే కదా నలభై ఎనిమిదిలో నిజాం మీదికి యూనియన్ ట్యాంకులు వచ్చింది, అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో, నేను కడుపులో ఉన్నానట, ఎవరు ఎవరిని కాలుస్తారో తెలియక హఫీజ్‌పేట ఆడవాళ్లంతా చెరువు కాల్వలోకి దిగి మోకాళ్లలోతు నీళ్లలో పొద్దంతా నిలబడ్డారట, కాళ్లు నానిపోయినయ్ బిడ్డా, నువ్వు లోపల తంతనే ఉంటివి అంటుంది, ట్యాంకులు ఎట్లుండె అమ్మా అంటే ఏమో నేను చూసిన్నా, చప్పుడే విన్న అంటుంది.

రాజయ్య దొరికాడు, అరవై దాటిన మనిషి, గడ్డివాము పక్కన తాడు పేనుతున్నాడు, నా చేతిలో ఫైలు చూడగానే పేనడం ఆపి లేచి నిలబడ్డాడు, నేను తాలూకా ఆఫీసు అనేలోపే, తెల్సు సారూ, సాయిలు గురించే గదా అన్నాడు, అవును, సిపాయి సాయిలు తల్లి నీలమ్మ ఇక్కడేనా అంటే తల అడ్డంగా ఊపాడు, ఈడ కాదు, కొండాపూర్ల ఉంటది, తొలి కాన్పు పుట్టింట్ల గదా సారూ, పోరడు ఈడ పుట్టిండు, భర్తీ చేసుకునేటోళ్లు పుట్టిన ఊరేందని అడిగిన్రట, బాచుపల్లి అన్నడు, ఇగ ఉత్తరమొచ్చినా నాకే, తార్ వచ్చినా నాకే, అని చెప్పుకుంటూ పోయి ఉన్నట్టుండి నోరు మూసుకున్నాడు, అప్పుడు నాకు అర్థమైంది, డిసెంబరు పద్దెనిమిదిన టెలిగ్రాం ఇక్కడికే వచ్చింది, ఆమెకు చెప్పలేదా అన్నాను, ఆయన నన్ను చూడకుండా తాడును చూస్తూ చెప్పాడు, ఎప్పుడైనా ఉత్తరం వస్తే పోస్టాయన చదివేవాడట, ఈయన ఒకటికి రెండుసార్లు విని మనసులో పెట్టుకుని శనివారం నాలుగు కోసులు నడిచి పోయి చెల్లెలికి అప్పజెప్పేవాడట, తార్ వచ్చిన శనివారం కూడా చెప్దామనే పోయిండట, అది వాకిట్ల ఎదురొచ్చి ఏం రాసిండే అన్నా అన్నది సారూ, నా నోట్లకెళ్లి మంచిగున్నడట, ఆడ చలి శానా ఉన్నదట అని ఎల్లింది, ఎట్ల ఎల్లిందో నాకే తెల్వది, మల్ల శనివారం పోకపోతే పరేషాన్ అయితది గదా, పోయిన, లడాయి బందైంది గని సెలవు దొరుకుతలేదట అన్న, గిట్ల ఐదు వారాలైంది, ఇగ చెప్పేదానికి నాకు మాటలు దొరుకుతలేవు, అని నా చేతులు పట్టుకుని, నువ్వు చెప్పకు సారూ, జర నీ కాళ్లు మొక్కుత, నాట్లు కానియ్యి, నేనే చెప్త అన్నాడు, సాక్షిగా తన వేలు మాత్రం వేసి ఇచ్చాడు, నాకు లోపల ఒక రకమైన నెమ్మది కలిగింది, దాన్ని ఒప్పుకోవాలి, చెప్పే బరువు నాది కాదు, మేనమామది, నాది ముద్ర ఒక్కటే.

మళ్లీ మియాపూర్, మళ్లీ హఫీజ్‌పేట స్టేషను, అక్కడ అమ్మావాళ్ల ఇంటికి నాలుగు అడుగులే, పోతే అంబలి పోసేది, పోలేదు, రైలుకట్ట దాటాక దారి లేదు, బండరాళ్ల మధ్య మేకల బాట, సైకిలు ఎత్తి భుజాన వేసుకున్నాను, పెడలు డొక్కలో పొడుస్తోంది, అరవై తొమ్మిదిలో కాలేజీలు ఏడాది బందైతే ఆలస్యంగా చేతికొచ్చిన ఈ బి.ఏ.కు ఇదా పని అనిపించింది, అనిపించినందుకు సిగ్గేసింది, ఉద్యోగం లేని బి.ఏ.లు మా గల్లీలోనే ముగ్గురు, గుట్ట దిగగానే ఒక్కసారిగా చదును, కొండాపూర్ చెరువు కింద మడులన్నీ నీళ్లు పెట్టి ఆకాశంలా పరిచి ఉన్నాయి, కాల్వ గట్టు తిన్నగా సాగింది, గట్టు మీద సైకిలు దానంతటదే పోతోంది, కాళ్లకు పని లేదు, కాళ్లకు పని లేకపోతే మనసు మొదలుపెడుతుంది, డిసెంబరు పదకొండు, కాగితంలో సాయిలు చనిపోయిన తేదీ, ఆరోజు నేనేం చేశాను, శనివారం, సినిమాకు పోయానా, లైట్లు ఆర్పిన ఊరిలో నాగేశ్వరి చేయి పట్టుకుని తడుముకుంటూ ఇంటికొచ్చి ఇద్దరం నవ్వుకున్నది ఆ రోజేనా, నాకంటే ఏడాది పెద్దవాడు ఈ సాయిలు, కాగితంలో వయసు ఇరవై నాలుగు అని ఉంది.

నీలమ్మ మడిలో వంగి నాటు వేస్తోంది, నలుగురు ఆడవాళ్లు వరసగా పాడుతున్నారు, నేను పిలిస్తే పాట ఆగింది, ఒడ్డుకొచ్చింది, సన్నగా పొడుగ్గా ఉంది, మోచేతుల దాకా బురద, ఎవలు బిడ్డా అంది, తాలూకా ఆఫీసు అన్నాను, మిలిటరీ కాగితం అన్నాను, ముఖం ఎంత వెలిగిందంటే నేను చూపు కాల్వ మీదకు తిప్పుకున్నాను, మా సాయిలు కాయిదమా, పైసలొస్తయా అంది, వస్తాయన్నాను, జీతం పెంచిన్రా అంది, ఊఁ, అట్లాంటిదే అన్నాను, అట్లాంటిదే, ఈ మాట నా నోట్లోంచే వచ్చింది, ఏందే నీలక్కా, సిపాయి తల్లివి, ఇగ మాతోని నాట్లేస్తవా అని మడిలోంచి ఒకామె ఎగతాళి చేసింది, నీలమ్మ నవ్వి, వాడొచ్చేదాక ఏస్తనే, వాడొచ్చినంక మీరందరు నాకు కూలికి రాన్రి అని, కాల్వలో వంగి చేయి కడిగి చీరకు తుడిచి బొటనవేలు చాపింది, చదవమని అడగలేదు, కాగితంలో ఏముందని అడగలేదు, నేను ప్యాడు తెరిచాను, వేలు పట్టుకుని అద్దాను, నానిపోయిన వేలు, చల్లగా ఉంది, ముద్ర చక్కగా పడింది, పైసలొస్తే చెప్పు బిడ్డా, నీకు కోడికూర పెడ్త అంది, సైకిలెక్కాను.

కాల్వ గట్టు మళ్లీ, అయిపోయింది, ఇంక రెండో సాక్షి సంతకం ఒక్కటే, నేనే పెట్టవచ్చు, టైము మూడు, ఐదులోపల చేరుకోవచ్చు, దగ్గుమందు, బీడీకట్ట, వెనక పాట మళ్లీ మొదలైంది, ఆ పాటలో ఆమె గొంతు వేరుగా తెలుస్తోంది, అందరికంటే గట్టిగా పాడుతోంది, నేను పెడలు గట్టిగా తొక్కాను, పాట వినపడకుండా పోవాలని, బాపు బొటనవేలు గుర్తొచ్చింది, ఎందుకొచ్చింది, వద్దు, అయినా వచ్చింది, నాకు ఆరేళ్లప్పుడు పట్వారి మా అరుగు మీద కూర్చుని ఒక కాగితం తీసి, చెరువు మరమ్మతుకు అర్జీరా, వేలు పెట్టు అన్నాడు, బాపు సంతోషంగా పెట్టాడు, నేను పక్కనే ఉన్నాను, నీలిరంగు వేలు నాకు చూపించి నవ్వాడు, వానాకాలం నాగలి కట్టుకుని పోతే మడిలో వేరేవాళ్ల నాగలి ఉంది, కౌలు మేమే వదులుకున్నట్టు కాగితం, కింద బాపు వేలు, ఆ ఏడే నన్ను బడిలో వేశాడు, పెద్ద నౌకరీ చెయ్యమని ఎన్నడూ అనలేదు, ఎవలన్న కాయిదం తెస్తే నువ్వు చదివి చెప్పాలె బిడ్డా, గంతే, ఇంకేం వద్దు అనేవాడు, పదహారేళ్లు చదివాను, చదివి ఏం చెప్పాను, అట్లాంటిదే అన్నాను, పట్వారి కూడా నవ్వుతూనే అడిగాడు, నేను కూడా నవ్వాను కదా, నవ్వానా, నవ్వాను, అన్నం పెట్టే కాగితమే కదా ఇది, మోసం కాదు కదా, మేనమామ బతిమాలాడు కదా, నాట్లు అయ్యాక చెప్తానన్నాడు కదా, ఎన్ని కదాలు వేసుకున్నా కాళ్లు ముందుకు పోలేదు, కొడుకు చావు కింద ఆమె వేలు పడి ఉంది, ఆ సంగతి నా సంచికి తెలుసు, ఆమెకు తెలియదు, గట్టు సన్నం, సైకిలు తిప్పడానికి చోటు లేదు, దిగి ముందు చక్రం ఎత్తి తిప్పాను.

మళ్లొచ్చినవేంది బిడ్డా, వేలు సరిగ్గ పడలేదా అంది, కూర్చో అమ్మా, ఇందులో ఏముందో నేను చదవలేదు, చదువుతాను అన్నాను, చదవమంటే కష్టమని కాదు, ఇంగ్లీషులో ఉన్నదాన్ని మన మాటలో చెప్పాలంటే ఒక్కో మాటకు ఒక్కో మాట వెతకాలి, ఏ మాట మెత్తగా ఉంటుందని వెతికాను, అన్నీ గట్టివే, సిపాయి సాయిలు, వయసు ఇరవై నాలుగు, గుర్తు ఎడమ కనుబొమ మీద మచ్చ, డిసెంబరు పదకొండున పడమటి సరిహద్దులో డ్యూటీలో ఉండగా చనిపోయినందువల్ల, అతని తల్లి నీలమ్మనైన నేను అడుక్కునేది ఏమనగా, అక్కడ ఆగాను, ఆమె కూర్చుంది, ఏడవలేదు, మడిలో ఆడవాళ్లు నారు చేతుల్లో పట్టుకుని అట్లాగే నిలబడిపోయారు, మల్ల చదువు అంది, చదివాను, ఇరవై నాలుగు తప్పు, ఇరవై ఒకటి, పెద్దోన్నని చెప్పి భర్తీ అయిండు, దొంగ నా కొడుకు అంది, మల్ల చదువు అంది, మచ్చ దగ్గర చేయి ఎత్తి ఆపింది, ఆ తూము కాడ, వానకాలం నీళ్లు ఉరికొస్తుంటే ఈత గొడ్తుండె, వద్దురా అంటే ఇనలే, రాయి ఇసిరిన, తాకదనుకున్న, నెత్తురొచ్చినంక వాడే నన్ను ఊకోమన్నడు, అంటూ తన ఎడమ కనుబొమ మీద వేలితో రాసుకుంది, మిలిటరీ డాక్టరు కొలిచి రాసుకున్న గుర్తు అది, ఆమె చేతిది, తర్వాత, తార్ మా అన్నకే అచ్చుంటది, ఐదు శనివారాలు నడిసిండు గదా, పాపం ముసలోడు, ఎట్ల మోసిండో అంది, నువ్వు ఆయనకు కబురు చెయ్యి, ఇగ రాకుమను, నేనే వస్తనని చెప్పు, అప్పుడు గట్టు మీద తల ఆనించి ఏడ్చింది, ఆడవాళ్లు మడిలోంచి ఎక్కివచ్చారు, నేను చెప్పులు విప్పి పక్కన నిలబడ్డాను, పొద్దు వాలింది, పోదామని సంచి తీస్తే, ఆగు బిడ్డా, ఇన్నంక పెట్టలే గదా అని బొటనవేలు చాపింది.

ఐదుకు చేరలేదు, చలపతిరావుగారు నాకోసం కూర్చుని ఉన్నారు, అద్దాలు పైకి నెట్టుకుని, ఇదేంటండీ వీరేశంగారూ, ఆమె గడిలో రెండు ముద్రలున్నాయి, మొదటిది సరిగా పడలేదా అన్నారు, రెండూ బాగానే పడ్డాయండి, మొదటిది నేను చదవకముందు వేసింది, రెండోది విన్నాక వేసింది అన్నాను, ఆయన కాగితాన్ని నా వైపు తిప్పారు, మొదటిది మీరే కొట్టేసి పక్కన సంతకం చేయండి అన్నారు, చేశాను, వయసు కూడా తప్పండి, ఇరవై ఒకటి అన్నాను, అది మార్చే అధికారం మనకు లేదండి అన్నారు, నిజమే, లేదు, ఆ కాగితం పోయింది, పింఛను వస్తుంది, కాళ్లు ఇంకా నొప్పిగానే ఉన్నాయి, రేపు ఇంకో ఊరు, ఇంకో ఫైలు, ఇకమీద చదవకుండా ఎవరి వేలూ పట్టుకోను, బాపు నా దగ్గర అడిగింది అదొక్కటే, అది ఇన్నేళ్లకు ఒక్కరోజు చేశాను, సర్కారు దఫ్తరులో మాత్రం సాయిలుకు ఎప్పటికీ ఇరవై నాలుగే ఉంటుంది, ఎడమ కనుబొమ మీద ఉత్త మచ్చే ఉంటుంది, అక్కడ రాయడానికి గడి లేదు కనుక మీతో చెబుతున్నాను, మీరు గుర్తుపెట్టుకోండి, కొండాపూర్ నీలమ్మ కొడుకు సాయిలు, ఇరవై ఒక్క ఏళ్లు, వద్దన్నా తూము దగ్గర ఈతకొట్టాడు, నెత్తురు కారుతుంటే తల్లిని ఊరుకోమన్నాడు.