గోడ అవతలి సున్నం

శనివారం పొద్దున్నే తిరువూరు సమాధుల తోటలో సున్నం కలపడం మొదలైంది. తెల్లారితే ఈస్టరు ఊరేగింపు. సున్నం పడిన సమాధుల్లోని వాళ్లు లేచి, బట్టలు దులుపుకుని, అందరితో పాటు పాడుకుంటూ బస్టాండు దాకా వెళ్లి, పొద్దు పొడిచేలోపు తిరిగొచ్చి పడుకుంటారు. సున్నం పడని వాళ్లకి మళ్లీ ఏడాదే. అందుకే ఎవరి బకెట్టు వాళ్లది, ఎవరి హడావుడి వాళ్లది.

ఇల్సెది బెల్జియం. ఎనిమిది నెలలుగా చర్చి హాస్టల్లో ఆడపిల్లలకి జీతం లేకుండా ఇంగ్లీషు చెబుతోంది. ఈ సంగతి విని ఆమె ఆశ్చర్యపోలేదు. వాళ్ల దేశంలో ఈస్టరు ముందు చర్చి గంటలు రోముకి ఎగిరి వెళ్లొస్తాయట. "గంటలే ఎగురుతుంటే మనుషులు నడవరా?" అని, కుంచె పట్టుకుని హాస్టలు వంటమనిషి మేరమ్మ వెంట బయల్దేరింది.

మేరమ్మ తన భర్త సమాధికి సున్నం వేస్తోంది. ఇల్సెకి ప్రహరీ అవతల తుమ్మచెట్టు కింద ఒంటరి సమాధి కనిపించింది. పాపం, మర్చిపోయారనుకుని రెండు పూతలు దట్టంగా వేసేసింది.

సంఘపెద్ద సుందరరాజు పరిగెత్తుకొచ్చాడు. "దానికెవరు వేయమన్నారమ్మా? ఆరకముందే గీకెయ్!"

అది మేరమ్మ కూతురు వినీలది. గుళ్లో హిందూ కుర్రాణ్ణి పెళ్లాడిందని, కాన్పులో పోతే లోపల చోటివ్వలేదు. సున్నం కూడా తగలకూడదని తీర్మానం రాశారు. ఆరేళ్లుగా మేరమ్మ ప్రతి ఊరేగింపులో వెనక్కి తిరిగి ఆ గోడవైపే చూసుకునేది.

సంగతి తెలిసి ఇల్సెకి ఒళ్లు మండిపోయింది. ఖాళీ బకెట్టు బోర్లించి సమాధి పక్కనే కూర్చుంది.

"గీకనండి."

"సోమవారమే నిన్ను మీ దేశం పంపించేస్తా!"

"పంపండి. రేపు ఆదివారం కదా."

మేరమ్మ వచ్చి మూడో పూత మొదలుపెట్టింది. "ఆరేళ్లు మీ మాట విన్నానండి పెద్దయ్యగారూ. ఇక మీరెంత అరిచినా నాకు చెవుడే." ఆమె కుంచె ఆగలేదు. పొద్దుగూకినా ఇద్దరూ అక్కణ్ణుంచి కదల్లేదు.

తెల్లవారుజామున కొవ్వొత్తులు వెలిగాయి. పాట అందుకోగానే లోపలివాళ్లు లేచారు. గోడ అవతల వినీల కూడా లేచి జుట్టు ముడేసుకుంది.

"ఇంత చిక్కిపోయావేంటమ్మా?" అంది.

మేరమ్మ ఏడుస్తూనే కూతురి చెయ్యి పట్టుకుని ఊరేగింపు ముందు నిలబడింది. సుందరరాజు అడ్డమొస్తే ఇల్సె గొంతు పెంచింది. పాటలో సగం మాటలే వచ్చు ఆమెకి, ఆ సగాన్నే రెండింతలు గట్టిగా పాడింది. జనం ఆమె వెనకే నడిచారు.

తిరిగొచ్చేసరికి తూర్పు తెల్లబడింది. ఎవరి చోటికి వాళ్లు వెళ్లిపోతున్నారు. వినీల తలొంచుకుని గోడ అవతలికి తిరిగింది. అప్పుడు సుందరరాజు భార్య ఏసురత్నమ్మ, పోయి మూడేళ్లయిన మనిషి, ఆమె భుజం పట్టుకుని ఆపింది. ఆవిడ పక్కన సుందరరాజు తనకోసం ముందే పాలరాయి వేయించి, పేరు కూడా చెక్కించుకున్న చోటు ఉంది.

"ఇక్కడ పడుకో తల్లీ."

"అది నాది!" అన్నాడు సుందరరాజు.

"మీకు అవతల బోలెడంత చోటుందిగా," అంది ఏసురత్నమ్మ, తన చోట్లో సర్దుకుంటూ. "నీడపట్టు కూడాను."

వినీల పడుకుంది. ఎండ వచ్చింది. మేరమ్మ కుంచె ముంచి పాలరాతి మీది పేరు కనబడకుండా సున్నం పట్టించింది. ఇంకా తడి ఆరకముందే వేలితో కూతురి పేరు రాసింది.