పన్నెండు బండల అరుగు

జంగప్ప మడతపెట్టిన గోనెపట్ట మీద మోకాళ్లూని, తొమ్మిదో బండను ఇసుక మీదికి దించి, రబ్బరు సుత్తితో నాలుగు మూలలా తట్టి విన్నాడు. డొల్ల శబ్దం రాలేదు. పదో బండ అందుకున్నాడు.

కోట్‌పల్లి చెరువుకు దగ్గర్లో రెబెక్క కట్టుకున్న ఒంటిగది ఇల్లు అది. నర్సుగా రిటైరయ్యాక రెండేళ్లపాటు ఇటుకలన్నీ తనే పేర్చింది. ఇక అరుగు ఒక్కటే మిగిలింది. దాన్నీ కాగితం మీద గీసి ఇచ్చింది: పడమర వైపు, చెరువుకు ఎదురుగా, నాలుగడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు.

జంగప్పది తాండూరు. నలభై ఏళ్లుగా యజమానులు చూపించిన చోటల్లా బండలు పరిచాడు. వికారాబాద్‌లో, పరిగిలో అతను వేసిన అరుగుల మీద ఇప్పుడు నీళ్ల డ్రమ్ములు, బైకులు ఉన్నాయి. మనుషులు కూర్చోరు. మోకాళ్లు అరిగాయని డాక్టరు చెప్పాక ఇదే ఆఖరి పని అనుకున్నాడు. దీని మీదైనా మనిషి కూర్చోవాలి.

ఇన్నాళ్లూ ఎవరితోనూ వాదించలేదు. ఈసారీ వాదించలేదు. సిమెంటు మాత్రం కలపలేదు.

పన్నెండూ పరిచి, మధ్యాహ్నం మూడు గంటలకు రెబెక్కను పిలిచాడు.

"సిస్టరమ్మా, జర వచ్చి కూసో."

"సిమెంటేది మేస్త్రీ?"

"పెడదం. ముందుగాల కూసో."

రెబెక్క కూర్చుంది. వెంటనే లేచింది.

"పెనం మీద కూసోబెట్టినవ్ గదా."

"నువ్వు గీసిన పెనమే. మే నెలల రొట్టెలు గూడ కాల్చుకోవచ్చు."

ఆమె నవ్వలేదు. "మరి నీళ్లు కనవడాలె గద."

"లేచి పదడుగులెయ్యి. చెర్వు యాడికి పోతది?"

అతను తూర్పు వైపుకు నడిచాడు. పొయ్యి పక్క తలుపు అటే తెరుచుకుంటుంది. గోడ నీడ ఏడడుగులు పరుచుకుని ఉంది. మంచం తెచ్చి వేసి, దాని పక్కనుంచి తట్ట పట్టుకున్నట్టు చేతులు చాచి నడిచాడు.

"మంచమేసినా మనిషి దాటాలె. ఆరుకు ఎనిమిది. గవే పన్నెండు బండలు."

రెబెక్క కాగితం మడిచి కొంగున దోపుకుంది. "పా. నేనో పక్క పట్టుకుంట."

పొద్దుగూకేలోగా ఇద్దరూ కలిసి బండలు మోశారు, సిమెంటు కలిపారు. గోడ నుంచి అంగుళం వాలు పెట్టి పరిచాక జంగప్ప చెంబెడు నీళ్లు పోశాడు. నీళ్లు బయటికి జారాయి. కాళ్లు కడుక్కుని బస్సుకు బయల్దేరాడు.

"మేస్త్రీ, నీ గోనెపట్ట మర్సినవ్."

"ఉండనీ. నాకింకేం పని దాంతోని?"

మూడో రోజు మధ్యాహ్నం రెబెక్క చిక్కుడుకాయలు తెచ్చుకుని అరుగు మీద కూర్చుంది. సాయంత్రం దాకా లేవలేదు. పక్కన గోనెపట్ట మడతపెట్టి ఉంది. దాని మధ్యలో రెండు మోకాళ్ల గుంటలు.