కుడి రెక్క కోసిన రోజు

అమెరికాలోని విస్కాన్సిన్‌లో మా పొలానికి ఆనుకునే ఆరిన్ హాగెన్ ఇల్లు. పాల ఫ్యాక్టరీలో మిషన్లు బాగుచేసి రిటైరయ్యాడు. కుర్రతనం నుంచీ చిన్న విమానాలు నడిపినవాడు. గుండె ఆపరేషన్ అయ్యాక ఇక నడపొద్దని డాక్టర్లు తేల్చేశారు. ఆ మరుసటి ఏడాదే, ఎవరి కోళ్ల షెడ్డులోనో పడి ఉన్న పాత విమానాన్ని ట్రైలరు మీద వేసుకుని ఇంటికి తెచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన కొత్తలో తయారైన రెండు సీట్ల విమానం. రెక్కల మీది గుడ్డ పేలికలైపోయింది. సీట్లో ఎలుకలు కాపురం పెట్టాయి.

"ఇదెందుకయ్యా నీకిప్పుడు?" అన్నాను.

"చేతులు ఊరుకోవట్లేదు క్లైడ్," అన్నాడు.

ఎవరు నడుపుతారని నేను అడగలేదు. మా వైపు అలాంటివి అడగరు.

చలికాలమంతా గ్యారేజీలో కట్టెల పొయ్యి వెలుగుతూనే ఉండేది. ఆరిన్ విమానం ఒంటి చట్రంలోని ఇనుప గొట్టాల తుప్పు గీకి రంగు వేశాడు. ఇంజను విడిభాగాలు భోజనాల బల్ల మీదికి చేరాయి, వాళ్లిద్దరూ వంటగదిలో నిలబడి తినడం మొదలుపెట్టారు. రెక్కల పని అతని భార్య వెర్నాది. బొంతలు కుట్టి చేయి తిరిగిన మనిషి. కర్ర చట్రం మీద కొత్త గుడ్డ అతికించి, ఇస్త్రీ పెట్టెతో బిగుతు చేసి, మైనం పూసిన దారంతో కుట్టేది.

కుడి రెక్క పూర్తి కావస్తున్న సాయంత్రం నేను అక్కడే కాఫీ తాగుతున్నాను. వెర్నా చేతిలోని సూది జారి రెక్క లోపల పడింది. తనిఖీ కోసం రెక్క అడుగున వదిలిన గుండ్రటి రంధ్రంలోంచి టార్చి వేసి చూసింది. సూది దొరికినా రంధ్రంలోంచి చెయ్యి బయటికి తీయలేదు.

"ఆరిన్, ఇలా రా. దూలం మీద ఈ గీత ఏంటి?"

రెక్క పొడుగునా బరువు మోసే కర్ర దూలం అది. ఆరిన్ కుర్చీలోంచి లేవలేదు.

"వార్నిష్ గీత అయ్యుంటుంది."

"వార్నిష్ అయితే గోరుకి ఎందుకు తగులుతోంది?"

"అబ్బా, వదిలెయ్యవే! ఇన్ని నెలలు కుట్టింది ఇప్పుడు విప్పుతావా? మ్యూజియం వాళ్లు అడుగుతున్నారు. పైకప్పుకి వేలాడదీస్తారట. వేలాడే విమానానికి దూలం ఎలా ఉంటే ఏం? ఎవరు నడపబోతారు గనక?"

"నేను," అంది వెర్నా.

ఆరిన్ నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

"మంగళవారాలు నేను బొంతల క్లబ్బుకి వెళ్లట్లేదు. విమానం నేర్చుకుంటున్నాను. పోయిన నెల లైసెన్సు వచ్చింది."

"నాతో ఒక్క మాట చెప్పలేదేం?"

"చెబితే? ఎయిర్‌పోర్టు గేటు ముందు నుంచి వెళ్తేనే నీ ముఖం ఎలా వాడిపోతుందో నాకు తెలీదా? నువ్వు దాన్ని అమ్మకానికో, వేలాడదీయడానికో చేస్తున్నావనుకోలేదు నేను. ఎగరడానికే చేస్తున్నావనుకున్నా."

నాకు లేచి ఇంటికి పోవాలనిపించింది, కానీ తలుపు వాళ్లకి అటువైపు ఉంది.

ఆరిన్ లేచి, రంధ్రంలో చెయ్యి పెట్టి చాలాసేపు తడిమాడు. తర్వాత బల్ల మీది కత్తి తీసుకుని, ఆమె కుట్టిన గుడ్డని ఈ చివర నుంచి ఆ చివరకి తనే కోశాడు. దూలం అడ్డంగా చిట్లి ఉంది.

"దీంతో పంపేవాణ్ణి నిన్ను," అన్నాడు.

"పంపలేదుగా. పద, తిందాం," అంది.

కొత్త కర్ర తెప్పించి దూలం చేశారు. వెర్నా మళ్లీ మొదటి నుంచీ కుట్టింది. ఈసారి సూదికి దారం ఎక్కించి ఇచ్చే పని ఆరిన్‌ది. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టర్ ప్రతి మూలా చూసి సంతకం పెట్టాడు.

జూన్‌లో గడ్డి కోశాక మా పొలంలోనే విమానం పరుగెత్తడానికి దారి చదును చేశాను. ఆరిన్ చేత్తో ప్రొపెల్లర్ తిప్పి ఇంజను స్టార్ట్ చేశాడు. వెర్నా ఒక్కతే ఎక్కి వెళ్లింది. ఊరి మీదుగా ఒక చుట్టు తిరిగి వచ్చేదాకా అతను టోపీ నలుపుతూనే ఉన్నాడు. దిగేటప్పుడు చక్రాలు మూడుసార్లు ఎగిరెగిరి పడ్డాయి.

"ఒక్కసారి దిగమంటే మూడుసార్లు దిగావేంటి?" అని అరిచాడు. కళ్లనిండా నీళ్లు.

"నోరు మూసుకుని ఎక్కు!" అంది వెర్నా, ఇంజను ఆపకుండానే.

అతను వెనక సీట్లో కూర్చుని బెల్టు కట్టుకున్నాడు. విమానం గడ్డి మీద పరుగెత్తి, మా కంచె దాటి, నది వైపు తిరిగింది.