చీకటి గదిలో మునివెంకటమ్మ

ధనుర్వాతం వచ్చినవాళ్ళను ఉంచే గది ఆ ఆసుపత్రిలో అన్నిటికంటే వెనక, బట్టలుతికే షెడ్డు దాటాక ఉండేది. కిటికీలకు నల్లగుడ్డ కట్టి ఉంటుంది. కిర్రుమనకుండా తలుపు కీళ్ళకు నూనె వేస్తూ ఉంటారు. నర్సులు చెప్పులు బయటే విడిచి లోపలికి వెళతారు. ఆ జబ్బు పట్టిన మనిషికి కాస్త వెలుతురు పడినా, గిన్నె చప్పుడైనా, చెప్పకుండా చెయ్యి తగిలినా చాలు, ఒళ్ళంతా విల్లులా వంగి బిగుసుకుపోతుంది. అలా బిగుసుకున్నంతసేపూ ఊపిరి ఆడదు.

ఆ గదికి హెప్సిబా ఇన్‌ఛార్జి సిస్టరు. బాపట్ల దగ్గర పల్లెటూరి పిల్ల. నర్సింగు చదువుకని బెంగుళూరు వచ్చి, ఇక్కడే ఉద్యోగంలో కుదురుకుంది. డ్యూటీ ఎక్కేముందు తలుపు దగ్గర నిలబడి ప్రార్థన చేసుకునేది గానీ, ఫలానా మనిషిని బతికించు ప్రభువా అని మాత్రం అడిగేది కాదు. అడిగి అడిగి దెబ్బతిన్నది. బిగుసుకోవడం తగ్గింది, ఇక ఇంటికి పోతారు అనుకున్నవాళ్ళే మూడో వారంలో జ్వరంతోనో, గుండె ఆగో జారిపోవడం చాలాసార్లు చూసింది. అందుకని తన చేతులకు బలమిమ్మని మాత్రం అడిగేది.

తొంభై నాలుగు వానాకాలంలో మునివెంకటమ్మను బెంగుళూరు శివారు యలహంక నుంచి ఆటోలో తెచ్చారు. మొగుడు రామాంజినప్ప ఆమెను రెండు చేతుల మీదా మోసుకుంటూ లోపలికి వచ్చాడు. యలహంక పాతూరి అవతల ఇద్దరూ ఆకుకూరలు పండిస్తారు. మడికి ఎరువు చల్లుతుంటే ఆమె అరికాల్లో తుప్పు పట్టిన ఇనపముక్క దిగింది. పీకి పారేసి, పసుపు అద్ది, మళ్ళీ మడిలోకి దిగింది. కొన్నాళ్ళకు దవడ పట్టేసి సంగటి ముద్ద నోట్లోకి పోకపోతే, పంటి నొప్పి అనుకుని లవంగం పెట్టుకుంది. మెడ, వీపు కూడా బిగుసుకున్నాక గానీ ఇది పంటి నొప్పి కాదని ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

పెద్ద డాక్టరు పద్మనాభం ఆమెను పరీక్ష చేసి, రామాంజినప్పను వరండాలోకి తీసుకుపోయాడు. హెప్సిబా పక్కనే ఉంది. డాక్టరు చిత్తూరువైపు మనిషి, రామాంజినప్ప వాళ్ళదీ తెలుగు ఇల్లే, కాబట్టి తెలుగులోనే మాట్లాడాడు.

"చూడప్పా, నీ దగ్గర దాచను. ఈ జబ్బు ఇంత ముదిరి వచ్చినవాళ్ళలో సగం మంది దక్కరు. విషానికి మందు ఇచ్చినాం గానీ, నరాలకు పట్టింది వదలాలంటే వారాలు పడుతుంది. ఆలోగా ఊపిరితిత్తుల్లో చీము పట్టచ్చు. గుండె లయ తప్పచ్చు. కదలకుండా పడుకున్న మనిషికి కాళ్ళలో నెత్తురు గడ్డకట్టచ్చు, వీపు పుండ్లు పడచ్చు. జబ్బు తగ్గుతోంది అన్నప్పుడు కూడా వీటిలో ఏదో ఒకటి మీద పడుతుంది."

ఇలాంటి మాట విన్నవాళ్ళు ఏడవడం హెప్సిబాకు తెలుసు. కాళ్ళ మీద పడడం తెలుసు. వేరే ఆసుపత్రికి తీసుకుపోతాం అనడమూ తెలుసు. రామాంజినప్ప భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

"మిగతా సగంలో చేరాలంటే నేనేం జేయాల సార్?" అని అడిగాడు.

పద్మనాభం హెప్సిబా వైపు చెయ్యి చూపించాడు. "ఈ సిస్టరమ్మ చెప్పినట్టు చెయ్యి" అన్నాడు.

ఆ సాయంత్రమే మునివెంకటమ్మ గొంతు దగ్గర చిన్న రంధ్రం చేసి గొట్టం పెట్టారు. ఒంటిని వదులు చేసే మందులిచ్చి, ఊపిరి పోసే మిషన్‌కు తగిలించారు. రోగి బంధువుల్ని ఆ గదిలోకి ఎక్కువగా రానివ్వరు. రామాంజినప్పను హెప్సిబా రానిచ్చింది. అతను పిల్లిలా నడిచాడు. తువ్వాలు కూడా దులిపేవాడు కాదు.

"మాట్లాడొచ్చునా? ఆమెకి ఇనిపిస్తాదా?" అని గుసగుసగా అడిగాడు.

"వినిపిస్తుంది. ఈ జబ్బులో ఒళ్ళు బిగుసుకుంటుంది గానీ తెలివి పోదు. మందు మత్తులో ఉన్నా మాట చెవిన పడుతుంది. ముట్టుకునే ముందు మాత్రం చెప్పాలి. ఉలిక్కిపడితే మళ్ళీ బిగుసుకుంటుంది."

ఆ రోజు నుంచి ఆమెను పక్కకు తిప్పాల్సి వచ్చినప్పుడల్లా అతను చెవి దగ్గర వంగి, "మునీ, ఎడంపక్కకు తిప్పుతాండాం, భయపడాకు" అనేవాడు. నోరు తుడిచే ముందు చెప్పేవాడు, కాళ్ళు పిసికే ముందు చెప్పేవాడు. ఆమె వీపు మీద చిన్న ఎర్రమచ్చ కనబడితే, పనిగట్టుకుని వచ్చి హెప్సిబాకు చూపించేవాడు. డ్యూటీ మారినప్పుడు మిగతా నర్సులు కూడా అతన్ని చూసి, రోగులతో ముందు మాట చెప్పి ముట్టుకోవడం అలవాటు చేసుకున్నారు. ఇలాంటి మొగుణ్ణి హెప్సిబా తన సర్వీసులో చూడలేదు. ఆ సంగతి హాస్టల్లో తోటి సిస్టర్లకు చెబితే, నమ్మకుండా వచ్చి చూసిపోయారు.

బిగుసుకోవడం మెల్లగా పలచబడింది. డాక్టర్లు మందు తగ్గిస్తూ వచ్చారు. అంతలో ఆమెకు జ్వరం అందుకుంది. గొట్టంలో నుంచి పచ్చటి కఫం వచ్చింది. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి అడుగున తెల్లగా కమ్ముకుని ఉంది. హెప్సిబా వారాలు లెక్కపెట్టుకుంది. అది మూడో వారం.

మర్నాడు పొద్దున, టిఫిన్ల బండి వరండాలో తిరుగుతున్న వేళ, మిషన్ ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. కరెంటు ఉంది. మిషనే చెడింది. ఆసుపత్రిలో ఉన్న రెండో మిషన్ అదే గదిలో ఇంకో రోగికి పెట్టి ఉంది. దాన్ని తీయడమంటే ఆ ప్రాణం తీయడమే. హెప్సిబా గోడకు తగిలించిన రబ్బరు సంచి అందుకుని మునివెంకటమ్మ గొంతు గొట్టానికి బిగించి నొక్కడం మొదలుపెట్టింది. నొక్కితే గాలి లోపలికి పోతుంది, వదిలితే బయటికి వస్తుంది. ఆపితే ఊపిరి లేదు.

డ్యూటీ డాక్టరు మల్లికార్జున్ పరుగున వచ్చాడు. బళ్ళారి కుర్రాడు, ఉద్యోగానికి కొత్త. మెకానిక్ కోసం ఫోన్లు చేశాడు. సాయంత్రం లోగా రాలేనన్నాడు మెకానిక్.

"సాయంత్రం దాకా చేత్తోనేనా సిస్టర్?" అన్నాడు.

"చేత్తోనే సార్."

రామాంజినప్ప అప్పటికే చేతులు కడుక్కుని పక్కన నిలబడ్డాడు. "నాకు నేర్పియ్యి సిస్టరమ్మా."

హెప్సిబా అతని చేతి మీద తన చెయ్యి పెట్టి చూపించింది. "మీరు ఊపిరి పీల్చుకున్నప్పుడు ఆమెకూ ఇవ్వండి. వదిలినప్పుడు వదలండి." మొదట అతను కంగారులో గబగబా నొక్కాడు. అతని ఊపిరే అలా ఉంది. "మీరు నిదానిస్తే ఆమె నిదానిస్తుంది" అంది హెప్సిబా. అతను కళ్ళు మూసుకుని, గట్టిగా ఒకసారి ఊపిరి తీసుకుని, తమాయించుకున్నాడు. ఆ తర్వాత అతని చేతులు తడబడలేదు.

సంచి నొక్కడం చూడ్డానికి తేలిక. కాసేపయ్యేసరికి వేళ్ళు కొంకర్లు పోతాయి, మణికట్టు లాగేస్తుంది. హెప్సిబా మార్చుకుంది, మల్లికార్జున్ మార్చుకున్నాడు. పక్క వార్డులో తండ్రికి తోడుగా ఉన్న ఫాతిమా అనే అమ్మాయి సంగతి విని వచ్చింది. గార్మెంటు ఫ్యాక్టరీలో మిషన్ కుడుతుంది. "నా చేతులకు అలుపు తెలియదు అక్కా, నేను నొక్కతా" అంది. చెప్పులు విడిచి, గాజులు తీసి కొంగున ముడేసి, స్టూలు మీద కూర్చుంది. ఆ పిల్ల నొక్కుతున్నంతసేపూ రామాంజినప్ప బయట గోడకు చేరగిలబడి వేళ్ళు విరుచుకునేవాడు. పిలవకముందే మళ్ళీ వచ్చి నిలబడేవాడు.

మధ్యాహ్నం కఫం ఎక్కువైంది. గొట్టంలోకి సన్నటి పైపు దించి లాగుతుండగా మునివెంకటమ్మ గుండె నెమ్మదించింది. మానిటరు మీద గీత సాగి సాగి, పడుకుంది.

మల్లికార్జున్ స్టూలు ఎక్కి రెండు చేతులతో ఆమె ఛాతీ మీద ఒత్తడం మొదలుపెట్టాడు. హెప్సిబా మందు సిరంజిలోకి లాగుతోంది. సంచి రామాంజినప్ప చేతిలో ఉంది. ఫాతిమా తండ్రికి అన్నం పెట్టడానికి వెళ్ళింది. రూలు ప్రకారం ఇలాంటప్పుడు బంధువుల్ని బయటికి పంపెయ్యాలి.

"నన్ను బయటికి పొమ్మంటావా సిస్టరమ్మా?" అన్నాడతను. చేతులు సంచి మీద నుంచి తీయలేదు.

"వద్దు. ఇక్కడే ఉండు. సారు ఆపినప్పుడు నేను ఊఁ అంటాను, అప్పుడు నొక్కు."

అంతవరకూ మీరు అన్న మనిషి నువ్వు అందని ఇద్దరూ గమనించలేదు. మల్లికార్జున్ ఒత్తాడు, ఆపాడు. హెప్సిబా ఊఁ అంది. రామాంజినప్ప నొక్కాడు. మళ్ళీ ఒత్తాడు. అతను భార్య ముఖం వైపు చూడలేదు, మానిటరు వైపు చూడలేదు. హెప్సిబా పెదాలనే చూస్తూ ఉన్నాడు. ఎన్నో ఏళ్ళుగా మానేసిన పని ఆ పూట హెప్సిబా చేసింది. ఈ మనిషి కోసం మునివెంకటమ్మను బతికించు ప్రభువా అని లోపల్లోపల పేరుపెట్టి అడిగింది.

గీత ఒకసారి ఎగిరింది. ఆగి, ఇంకోసారి ఎగిరింది. తర్వాత వరసగా అందుకుంది. మల్లికార్జున్ స్టూలు దిగి, గోడ పట్టుకుని నిలబడ్డాడు. చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది.

"ఇప్పుడు ఆపచ్చునా?" అన్నాడు రామాంజినప్ప.

"గుండె వచ్చింది. ఊపిరి ఇంకా నువ్వే ఇవ్వాల" అన్నాడు మల్లికార్జున్.

"సరే సార్" అని అతను నొక్కుతూనే ఉన్నాడు. అప్పుడు అతని కళ్ళ నుంచి నీళ్ళు కారి గడ్డం మీదుగా చొక్కా మీద పడ్డాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. హెప్సిబా అతని తువ్వాలు తీసి తుడిచింది.

పొద్దు వాలాక మెకానిక్ వచ్చి మిషన్ బాగుచేశాడు. కొత్త మందులకు జ్వరం దిగడానికి చాలా రోజులు పట్టింది. మిషన్ మీద నుంచి ఆమెను మెల్లమెల్లగా మళ్ళించారు. ఒక ఉదయం కిటికీ నల్లగుడ్డ ఓ మూల ఎత్తి చూశారు. వెలుతురు ముఖాన పడినా ఆమె బిగుసుకోలేదు. కళ్ళు చికిలించి మొగుణ్ణి వెతుక్కుంది.

గొంతు గొట్టం తీశాక, మాట గాలిలా వచ్చేది. హెప్సిబా ఆమెను దిండుకు ఆనించి కూర్చోబెట్టి గంజి తాగిస్తుంటే తనే చెప్పింది.

"ఆ పొద్దు మిషన్ నిలిచిపోయింది గదా, నాకు తెలస్తానే ఉన్నింది. ఒక చెయ్యి మెత్తగా, ఒకే తీరున ఇస్తా ఉన్నింది."

"అది ఫాతిమా. మిషన్ కుట్టే పిల్ల."

"ఇంకొకరు గట్టిగా, తొందరగా."

"డాక్టరుగారు."

"నీది కొంచెం ముందే వస్తాది సిస్టరమ్మా. ఈయన చెయ్యి మాత్రం..." ఆమె ఆగి, నోటికి వచ్చిన నవ్వును మింగింది. "పెండ్లయినప్పట్నుంచీ పక్కన పండుకుంటాండేదాన్ని. ఈయన ఊపిరి నాకు తెలీదా?"

రామాంజినప్ప సిగ్గుపడి గిన్నె కడుక్కొస్తానని లేచిపోయాడు. హెప్సిబా ఇంకో చెంచా గంజి ఆమె నోటికి అందించింది. తామందరం బతికిస్తున్నామనుకున్న ఆ రోజున, ఆ చీకట్లో, ఎవరి చెయ్యి ఏదో గుర్తుపడుతూ ఈమె కూడా తనవంతు పని చేస్తూనే ఉందన్నమాట.

డిశ్చార్జి రోజున పద్మనాభం వచ్చి, ఈ జబ్బు ఒకసారి వచ్చిపోయినంత మాత్రాన మళ్ళీ రాకపోదని, టీకా తప్పకుండా వేయించుకోవాలని చెప్పాడు. హెప్సిబానే మొదటి సూది వేసింది. మునివెంకటమ్మ ఒక చెయ్యి మొగుడి భుజం మీద, ఒక చెయ్యి సాగనంపడానికి వచ్చిన ఫాతిమా భుజం మీద వేసి ఆటో దాకా నడిచింది. చిక్కి సగమైంది. అడుగు తీసి అడుగు వెయ్యడానికి ఆయాసం. అయినా ఎత్తుకుంటానన్న మొగుణ్ణి వద్దంది.

రెండో సూదికి చెప్పిన రోజున, హెప్సిబా అవుట్‌పేషెంట్ల వైపు ఏదో పని మీద వెళితే సూదుల గది ముందు గోల గోలగా ఉంది. మునివెంకటమ్మ నిలబడి ఉంది. వెనక యలహంక ఆకుకూర మళ్ళలో పనిచేసే ఆడవాళ్ళంతా ఉన్నారు. బురద ఆరిన కాళ్ళు, పగిలిన మడమలు, కొడవలి గాట్లు పడిన వేళ్ళు. అందరూ ఆమె చుట్టూ మూగారు.

"అందరికీ పొడవాల సిస్టరమ్మా. బస్సెక్కించి తెచ్చినాను" అంది మునివెంకటమ్మ. మాట ఇంకా బొంగురుగానే ఉంది.

వాళ్ళలో ఒక ముసలామె సూదంటే భయపడి మెల్లగా వెనక్కి జారుకుంటోంది. మునివెంకటమ్మ ఆమె మణికట్టు పట్టి ముందుకు లాగి, తన గొంతు మీద గొట్టం పెట్టిన మచ్చ చూపించింది. "దీనికంటే నొప్పా సూది? చెయ్యి చాపు అవ్వా."

అవ్వ చెయ్యి చాపింది. హెప్సిబా దూది తడిపింది. డబ్బాలో మందు ఇంతమందికి సరిపోదని చూసి, స్టోర్‌లో నుంచి ఇంకో డబ్బా తెమ్మని మనిషిని పంపింది.