బల్ల ఆదివారం

శనివారం కూలి నుంచి వచ్చి మందిరం కడుగుతుంటే పాస్టరు అయ్యగారు గుమ్మం దగ్గర నిలబడి, రేపు శ్రావణిని లేచి ఒప్పుకోమని చెప్పండమ్మా అన్నారు. నాకు ముందు తట్టింది బావి. తర్వాత పత్తికి కొట్టే మందు డబ్బా. నా బుద్ధే అంత, చిన్న మాట వింటే చివరిదాకా పోతుంది. బకెట్ అక్కడే వదిలేసి ఇంటికి పరుగెత్తి, ఆ డబ్బా బియ్యం బస్తా వెనక దాచి, మళ్ళీ వచ్చి నేల తుడిచాను.

నా బిడ్డ శ్రావణి ఖమ్మంలో నర్సింగు చదువుతోంది. తోటి పిల్లవాడి బండి మీద వెనక కూర్చున్న ఫోటో ఒకటి ఎవరికో దొరికి, సంఘంలో అందరి ఫోన్లూ తిరిగింది. బండెక్కింది, అంతే. మా సంఘంలో తప్పు చేసినవాళ్ళు అందరి ముందూ లేచి ఒప్పుకోవాలి. ఒప్పుకునేదాకా గుమ్మం దగ్గర చెప్పుల పక్కన చాప మీద కూర్చోవాలి. నెలకోసారి బల్ల ఆదివారం నాడు పంచే ప్రభువు రొట్టె వాళ్ళను దాటి పోతుంది. ఆ చాప మీద కూర్చున్న పిల్లను ఊరు ఎట్లా చూస్తుందో నాకు తెలుసు. అది తట్టుకుంటుందా అన్నదే నా భయం.

నా భర్త ప్రభాకర్ సంఘపెద్ద. మిర్చి బస్తాలు మార్కెట్‌కు తోలే బండి నడుపుతాడు. ఆ రొట్టె కాల్చేది నేను, గిన్నెలు తోమేది నేను, పళ్ళెం పట్టుకుని వరసల మధ్య తిరిగేది ఆయన. ఆడవాళ్ళు పళ్ళెం ముట్టకూడదట. మూడేళ్ళ కింద దమ్మపేటలో ఆయనకు ఇంకొక ఆమె ఉందని తెలిసి ఏడుస్తూ అయ్యగారి దగ్గరికే పోయాను. ఆ వారం ప్రసంగంలో అయ్యగారు బైబిల్లో దావీదు గురించి చెప్పారు. ఊరియా భార్యను తెచ్చుకున్న దావీదు, పెళ్ళాన్ని చెల్లెలని చెప్పి రాజు ఇంటికి పోనిచ్చిన అబ్రాహాము, యేసెవరో నాకు తెలియదని బొంకిన పేతురు. వీళ్ళలో ఒక్కడూ మంచివాడు కాడు, అందుకే రక్షకుడు రావలసి వచ్చింది, రక్షణ మన మంచితనానికి ఇచ్చే కూలి కాదు, ఉచితంగా వచ్చే కృప అన్నారు. ఆ మాట నన్ను నిజంగానే తాకింది. ఎంత ఊడ్చినా, ఎంత ఉపవాసమున్నా దేవుడికి చాలనేమో అని వణికే మనిషిని నేను. ప్రభాకర్ మాత్రం ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని, "దావీదంతటోడే పడ్డడు, నేనెంత" అన్నాడు, పతకమేదో వచ్చినట్టు. రాజు ఇంట్లో ఆ అబ్రాహాము పెళ్ళాం శారా ఎట్లా ఉందని నేనడగలేదు. అన్నం పెట్టాను.

నాది ఏడో తరగతి చదువు. ఆ శనివారం సాయంత్రం పాత నోటుబుక్కులో కాగితం చింపి, బిడ్డ చదవాల్సిన మాటలు నేనే రాశాను. నా వల్ల సంఘానికి అవమానం కలిగింది, క్షమించండి. మూడుసార్లు కొట్టేసి రాశాను. బస్సు దిగి వచ్చిన శ్రావణి చేతిలో పెట్టి, ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని చదివేస్తే అయిపోతుందని బతిమాలాను.

"ఇంటి పరువు తీసినంక సదవనీకి నొప్పేంది?" అన్నాడు ప్రభాకర్ మంచం మీద నుంచి.

శ్రావణి ఆయన వైపు చూడలేదు. నన్నే అడిగింది.

"నాన్న ఏ ఆదివారం లేచి నిలబడ్డడమ్మా?"

నిలబడలేదు. అయ్యగారి ఇంట్లో తలుపు వేసి, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఆ రోజు లోపలికి టీ పంపింది కూడా నేనే. తర్వాతి నెల పళ్ళెం మళ్ళీ ఆయన చేతిలోనే ఉంది. మూడేళ్ళుగా ఇది నాకు తట్టనే లేదు. పెద్దమనుషులు పడితే కృప, ఆడపిల్ల బండెక్కితే చాప. ఉచితమన్నదానికి నా బిడ్డ దగ్గర కూలి అడుగుతున్నారు. అయ్యగారిని అనుకోవడమెందుకు, పెన్ను పట్టింది నేను కదా. కాగితం పొయ్యిలో వేశాను గానీ రేపు ఏమవుతుందోనన్న దడ మాత్రం తగ్గలేదు.

మర్నాడు శ్రావణి తనంత తానే పోయి చాప మీద కూర్చుంది. అయ్యగారు పేరు పిలిచారు. లేవలేదు. రెండోసారి పిలిచారు.

"బండెక్కిన, అయ్యగారూ. తప్పు చెయ్యలె," అంది, కూర్చునే.

తలలన్నీ వెనక్కి తిరిగాయి. నా చోటు ముందు వరసలో, అయ్యగారి భార్య అమ్మగారి పక్కన. లేచాను. ఇంటికి పోయాక ప్రభాకర్ ఏం చేస్తాడో, రేపు మిర్చి కోతకు నన్నెవరైనా పిలుస్తారో లేదో, నడుస్తున్నంత సేపూ అన్నీ కళ్ళ ముందుకొచ్చాయి. పోయి బిడ్డ పక్కన కూర్చున్నాను.

ప్రార్థన అయింది. ప్రభాకర్ పళ్ళెం పట్టుకుని వరసలన్నీ తిరిగాడు. సంఘపెద్ద పెళ్ళాన్ని అందరి ముందూ దాటి పోలేక చాప దగ్గర ఆగాడు. పళ్ళేన్ని నా వైపు మాత్రమే వంచి, "జల్దీ తీస్కో" అన్నాడు పళ్ళు కొరుకుతూ.

రెండు ముక్కలు తీశాను. మొదటిది శ్రావణి చేతిలో పెట్టాను.