చివరి రోజు తిరిగే కాగితం

చాలా ఏళ్లుగా నాకొక సందేహం ఉంది. ఆదివారం పూజలో ఫాదర్ విన్నపాలు చదువుతూ, "అర్నుల్ఫో మెహియా కోసం, అతని కుటుంబం కోసం ప్రార్థిద్దాం" అంటారు. అందరూ "ప్రభువా, మా మొర ఆలకించండి" అంటారు. నేనూ అంటాను. అర్నుల్ఫో మా ఆయన. ఆ కుటుంబం అన్న మాటలో నేనూ, మా అత్తగారూ, మా అమ్మాయి నోయెమీ ఉన్నాం. దేవుడికి ముగ్గురం విడివిడిగా కనిపిస్తామా, ఒక మూటలా కనిపిస్తామా? అన్నీ చూసేవాడికి ఆ మాత్రం కనిపించదా అని నాకు నేనే చెప్పుకుంటాను. ఫాదర్‌ని మాత్రం ఎప్పుడూ అడగలేదు. ఇంత చిన్న విషయానికి ఆయన్ని నిలబెట్టడం ఎందుకనిపిస్తుంది.

హోండురాస్‌లో, చోలోమాలో, చొక్కాల ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్లు పనిచేశాను. మిషను ఆగిపోతే చెయ్యెత్తి కూర్చోవాలి. మెకానిక్ తీరుబడిగా వచ్చేవాడు. మెకానిక్ ఎప్పుడూ మగవాడే. "ఏం చేశావే దీన్ని?" అనేవాడు, నేను దాన్ని కొట్టినట్టు. ఒక స్క్రూ అర చుట్టు తిప్పి వెళ్లిపోయేవాడు. ఏ స్క్రూ తిప్పాడో నాకు తెలిసేది, కానీ దాన్ని ముట్టుకునే హక్కు లేదు. చెయ్యెత్తి కూర్చున్న గంటకి ఆ రోజు కుట్టాల్సిన చొక్కాలు ఒక్కటీ తగ్గేవి కావు. నాలుగో ఏడు వచ్చేసరికి చప్పుడు వినే చెప్పగలిగేదాన్ని. ఒకసారి మిషను కుట్లు వదిలేస్తుంటే ఉండబట్టలేక, "షటిల్ కొన సూదికంటే వెనకబడుతోంది" అన్నాను. వాడు తక్కినవాళ్లని కేకేసి, "ఇటు రండ్రా, ఇంజనీరమ్మగారు మాట్లాడుతున్నారు" అన్నాడు. నెల రోజులు వరసంతా నన్ను ఇంజనీరమ్మా అనే పిలిచింది. నేనూ వాళ్లతో నవ్వాను.

ఇప్పుడు మేముండేది అమెరికాలో, నార్త్ కరోలినాలో. అర్నుల్ఫోకి కోళ్ల ఫ్యాక్టరీలో రాత్రి పని. మా ట్రైలర్ ఇళ్లలో సగం మంది ఆడవాళ్లు ఇంట్లోనే కుడతారు. చర్చి గుమ్మం దగ్గర ఒక ప్రకటన చూశాను. కుట్టుమిషన్ల రిపేరు, ఇంటి దగ్గరే సొంత దుకాణం పెట్టుకునే పద్ధతి, ఎనిమిది వారాలు, ఫోనులోనే పాఠాలు, అంతా మన స్పానిష్‌లోనే, ఉచితం. ఇంటికి ఒక్క సీటు. ఆ కాగితం ముందే నిలబడి, మరియమాతకి ఒక జపమాల మొక్కుకున్నాను.

"మిషన్ల రిపేరా? అది మగాళ్ల పని కదే" అన్నాడు అర్నుల్ఫో. మళ్లీ తనే జాలిపడి, "సరేలే చేరు. నీకూ కాస్త పొద్దుపోతుంది" అన్నాడు. ఏ పొద్దు గురించి అన్నాడో నాకిప్పటికీ తెలియదు. ఏడింటికి అతను వచ్చేసరికి వేడినీళ్లు, బీన్సు పెట్టిన బలియాదా రొట్టెలు సిద్ధంగా ఉండాలి. నోయెమిని స్కూలు బస్సుకి పంపాలి. అత్తగారి షుగరు మాత్రలు, ఆవిడ కాళ్లకి నూనె. వారానికి రెండు మధ్యాహ్నాలు నేను వేరేవాళ్ల ఇళ్లు తుడవడానికి వెళతాను. మిగతా పొద్దంతా నాదే.

దరఖాస్తు నింపడానికి మెయిలు ఉండాలి. మా ఇంటికి ఉన్నది ఒకటే, అర్నుల్ఫో పేరున. నోయెమి నింపుతూ, "అమ్మా, నాన్న పేరు దానంతటదే వచ్చేస్తోంది. మార్చడానికి లేదు" అంది. "పర్లేదులేవే, చివర్లో అడుగుతారుగా" అన్నాను. మా దేశంలో ఏ శిక్షణైనా అంతే. మొదటి రోజు ఏం రాసుకున్నారో ఎవరూ చూడరు. చివరి రోజు ఒక తెల్లకాగితం చేతులు మారుతూ వస్తుంది. పట్టాలో ఎలా ఉండాలో అలా, తండ్రి ఇంటిపేరు, తల్లి ఇంటిపేరు రెండూ కలిపి, ఎవరి పేరు వాళ్లు రాస్తారు. ఆఫీసులో దస్తూరీ బాగున్నవాళ్లు దాన్ని చూసి పట్టాలు రాస్తారు. ప్రథమ చికిత్స నేర్చుకున్నప్పుడూ, కేకులు నేర్చుకున్నప్పుడూ నేను అలాగే రాశాను. ఆ కాగితం ఇక్కడ కూడా వస్తుందనుకున్నాను.

ఉదయం తొమ్మిదికి వంటింటి బల్ల దగ్గర పాఠం. పక్కగదిలో అర్నుల్ఫో నిద్రపోతుంటాడు కాబట్టి చెవుల్లో తీగలు. కెమెరా తెరవబోతే అత్తగారు, "ఊళ్లోవాళ్లందరికీ నా వంటిల్లు చూపిస్తావా అమ్మాయ్?" అన్నారు. మూసేశాను. తెర మీద నేనున్న చోట నల్లటి గడి, అందులో అర్నుల్ఫో మెహియా అనే అక్షరాలు. మాస్టారి పేరు బల్తసార్, ఓపిక ఉన్న మనిషి. నేను మాట్లాడకుండా టైపు చేసి అడిగేదాన్ని. "దోన్ అర్నుల్ఫో మంచి ప్రశ్న వేశారు. అందరూ వినండి" అనేవారు. మాలో దోన్ అంటే గారు, ఆడవాళ్లకైతే దోన్యా. పొయ్యి మీద బీన్సు కలుపుతూ ఆ మెచ్చుకోలు వినేదాన్ని.

మొదటి రోజే చెప్పేస్తే పోయేది. 'నేను ఆయన భార్యని' అని టైపు చేసి, మాస్టారు వేరే సంగతిలోకి వెళ్లిపోతే చెరిపేశాను. రెండో వారానికి, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడుగుతారేమోనని భయం. మోసం అనుకుంటే ఉన్న ఒక్క సీటూ పోతుంది. పైగా కాగితాల మీద మా పేర్లని ఎవరైనా రెండోసారి చూస్తారంటేనే, పరాయి దేశంలో బతికే మాలాంటివాళ్లకి గుండె జారుతుంది. ఆరో వారం మిషను విప్పి బిగించే వీడియో పంపమన్నారు, చేతులు కనిపిస్తే చాలన్నారు. నా చేతులు! అర్నుల్ఫో పని గ్లోవ్స్ తొడుక్కున్నాను. మాస్టారు అది చూసి, "పని శుభ్రంగా ఉంది. ఆ గ్లోవ్స్ మాత్రం తీసేయండి దోన్ అర్నుల్ఫో, చిన్న స్క్రూలు వేలికి తెలియాలి" అన్నారు. చర్మానికి ఎలర్జీ అని రాశాను. ఆ అబద్ధాన్ని పాపసంకీర్తనంలో చెప్పుకున్నాను కూడా. ఫాదర్ ప్రాయశ్చిత్తంగా మూడు మంగళవార్త జపాలు చెప్పమన్నారు. అబద్ధం ఎందుకాడావమ్మా అని అడుగుతారేమోనని ఒక నిమిషం ఆగాను. అడగలేదు.

ఆఖరి పరీక్షలో నూటికి తొంభై ఆరు వచ్చింది. కాగితం కోసం ఎదురుచూస్తుండగానే ఫోను టింగుమంది. పట్టా వచ్చేసింది, రంగురంగుల అంచుతో, సంతకాలతో. అర్నుల్ఫో మెహియా కుట్టుమిషన్ల మెకానిక్‌గా అర్హుడు. నేను ఇంకా అలాగే కూర్చున్నాను. రేపేమో కాగితం తిరిగేది అనుకున్నాను.

మూడు రోజులకి ధైర్యం చేసి ఆఫీసుకి ఫోను చేశాను. ఫోనెత్తిన పిల్ల గొంతు మంచిది. అంతా విని, "పరీక్ష ఎవరు రాశారండీ?" అంది.

"నేనే."

"అలాగైతే ఆయన పట్టా రద్దు చెయ్యాలి. మీ ఇంటికి సీటు అయిపోయింది కాబట్టి మీకు మళ్లీ ఇవ్వలేం. రద్దు చెయ్యమంటారా అమ్మా? మీరు చెబితేనే చేస్తాను."

"వద్దు తల్లీ, వద్దు. ఉండనీ" అన్నాను. ఫోను పెట్టేశాక కూడా నా నోరు ఉండనీ, ఉండనీ అంటూనే ఉంది.

అర్నుల్ఫో చెడ్డవాడు కాడు. నా కళ్లు చూసి, "మనిద్దర్లో నీదేమిటే, నాదేమిటి?" అన్నాడు. తనే ఫ్రేము కట్టించి తెచ్చి మా హోండురాస్ వాళ్ల మరియమాత, సుయాపా మాత పటం పక్కన తగిలించాడు. వచ్చినవాళ్లందరికీ అత్తగారు చూపించేవారు. "నా కొడుకు రాత్రంతా కోళ్ల దగ్గర, పగలంతా చదువు. నిద్రెక్కడిది పాపం?" ఎనిమిది వారాలూ ఆవిడ నా ఎదురుగా కూర్చుని బియ్యం ఏరారు. ఆ మాట అంటూ కాఫీ ఇవ్వమని నాకు సైగ చేసేవారు.

మిషన్లు రావడం మొదలైంది. అర్నుల్ఫో మోసుకొస్తాడు, నేను విప్పుతాను, బాగుచేస్తాను, అతను తుడిచి తీసుకెళతాడు. వెళ్లేముందు గుమ్మంలో నిలబడి, "ఏమైందని చెప్పమంటావు?" అని అడుగుతాడు. "షటిల్ టైమింగ్ తప్పింది" అంటాను. చిన్నపిల్లాడిలా రెండుసార్లు వల్లెవేసుకుంటాడు. ఒకసారి, "నేనూ వస్తాను" అన్నాను. "నువ్వు చేశావంటే మళ్లీ ఇస్తారటే? కాగితం నా పేరున ఉందిగా" అన్నాడు, నిజంగానే నొచ్చుకుంటూ. అతను అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఇది గర్వమా తల్లీ అని మాత పటం ముందు అడిగాను. నాకు గర్వమైతే తీసెయ్యి, కాకపోతే ఏదైనా దారి చూపించు అన్నాను. రెండూ జరగలేదు.

నిన్న పదకొండింటికి దోన్యా నిన్ఫా ఫోను చేసింది. మా నుంచి నాలుగో ట్రైలర్ ఆవిడది, ఊళ్లో ఆడపిల్లల పదిహేనో ఏటి పండుగ గౌన్లన్నీ ఆవిడే కుడుతుంది. "అర్నుల్ఫోని పంపవే. మిషను కుట్లు వదిలేస్తోంది. శనివారానికి గౌనివ్వాలి, ఆ పిల్ల తల్లి నన్ను బతకనివ్వదు."

"వాణ్ణి లేపకు" అన్నారు అత్తగారు. "లేచాక వెళ్లి తెస్తాడు. నువ్వేదో చూద్దువుగాని."

మామూలుగా అయితే సరే అనేదాన్ని. కానీ దోన్యా నిన్ఫా దగ్గర నాకొక బాకీ ఉంది. మేమొచ్చిన కొత్తలో నోయెమి చర్చిలో మొదటిసారి దివ్యసత్ప్రసాదం తీసుకునే రోజుకి తెల్లగౌను లేదు. ఆవిడ తన గుడ్డతో, తన లేసుతో, రెండు రోజులు కూర్చుని కుట్టిపెట్టింది. ఏమివ్వమంటారని అడిగితే, "పోనీలేవే, ఎప్పుడో నువ్వూ ఏదో చేస్తావు" అంది. అర్నుల్ఫో, "ఆవిడ మెట్లు వూగుతున్నాయి, ఒక ఆదివారం నేను బిగించి తీర్చేస్తాలే" అన్నాడు. ఏడేళ్లయింది. ఆ మెట్లు ఇంకా వూగుతున్నాయి. ఆవిడ ఎదురుపడ్డప్పుడల్లా నా తల కాస్త వంగుతుంది.

స్క్రూడ్రైవరు, నూనె సీసా ఏప్రన్ జేబులో వేసుకున్నాను. "ఎక్కడికి?" అన్నారు అత్తగారు. "ఇప్పుడే వస్తాను" అన్నాను.

"అర్నుల్ఫో ఏడీ?" అంది దోన్యా నిన్ఫా గుమ్మంలోనే.

"పడుకున్నాడు."

"మరి నువ్వొచ్చి ఏం చేస్తావే?"

నేను లోపలికెళ్లి మిషను పక్కకి వాల్చాను. "జాగ్రత్త తల్లీ, పాడుచెయ్యకు, వాడు లేచాక చూస్తాడులే" అంటూ ఆవిడ నా భుజం మీదుగా వంగి నిలబడింది. సూది మార్చాను. చక్రం చేత్తో నెమ్మదిగా తిప్పుతూ షటిల్ కొన ఎక్కడ వస్తోందో చూశాను. వెనకబడుతోంది. స్క్రూ వదులుచేసి, జరిపి, బిగించాను. ఆవిడ మాటలు ఎప్పుడు ఆగిపోయాయో నేను గమనించలేదు. ఒక ముక్క గులాబీ రంగు సాటిన్ పెట్టి కుట్టి చూపించాను. ఆవిడ ఆ కుట్టుని గోటితో గీరి చూసింది, వెలుతురులో పట్టి చూసింది.

"అర్నుల్ఫో నేర్పాడా?"

"లేదు."

ఇంకేమైనా అడుగుతుందనుకున్నాను. అడిగితే ఏం చెప్పేదాన్నో నాకూ తెలియదు. చివరికి ఆవిడ పర్సు కోసం చెయ్యి చాపి, "సరే, అర్నుల్ఫోకి ఎంతివ్వమంటావు?" అంది.

"అతనికేమీ వద్దు. నోయెమి తెల్లగౌను ఉందిగా, ఇది దానికి" అన్నాను. "ఆ బాకీ నా పేరున ఉంది, దోన్యా నిన్ఫా. నేనే తీర్చాలి."

ఆవిడ పర్సు మూసేసింది. గౌను తీసి మిషను సూది కింద పెట్టుకుని కూర్చుంటూ, "తీరిపోయింది పో" అంది.